మత్తడిని మత్తడిగానే ఉంచమ్మా

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పకుండా ఆరు పేజీలు చేత్తో రాసి పోస్టులో పంపావంటేనే ఎంత టెన్షన్‌లో ఉన్నావో తెలిసింది. మీ అమ్మా అంతే. మేం హాస్టల్లో ఉన్న రోజుల్లో మనసు బాగా లేనప్పుడే ఇంటికి పొడుగు ఉత్తరాలు రాసేది.

విశ్వవిద్యాలయం ప్రచురణల విభాగంలో చేరి నాలుగు నెలలైందన్నావు. ఈ నాలుగు నెలల్లో ఒక్క కథ కూడా రాయలేదన్నావు. పొద్దున చెరువుల పుస్తకం, మధ్యాహ్నం జొన్న తెగుళ్ళ పుస్తకం, మధ్యమధ్య కాకతీయుల శాసనాలు. సాయంత్రం అయ్యేసరికి సొంత వాక్యం ఒక్కటీ మిగలడం లేదన్నావు. రాజీనామా చేసి కథలే రాసుకుంటానన్నావు. ఆఖరి పేజీలో, చిన్న అక్షరాలతో, మీ సెక్షన్‌లో జరిగిన ఇంకో విషయం కూడా రాశావు. చెరువు నిండాక మిగులు నీళ్ళు బయటికి పోయే చోటును చెరువుల పుస్తకం రాసినాయన అంతటా 'మత్తడి' అని రాస్తే, అది అందరికీ తెలిసిన మాట కాదు, 'అలుగు' అని మార్చమని నీకు చెప్పారు. నువ్వు మార్చడం మొదలుపెట్టావు. మూడో అధ్యాయం దాకా వచ్చావు.

రాజీనామా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ మత్తడి గురించి మాట్లాడాలి. నీ ఉద్యోగం గురించీ నీ కథల గురించీ నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

నేను 1983లో ఇలాంటి ఆఫీసులోనే చేరాను. అప్పటికి నావి మూడు కథలు అచ్చయ్యాయి. రెండో ఏడు నా బల్ల మీదికి అనంతపురం జిల్లా వ్యవసాయ పనిముట్ల మీద ఒక పుస్తకం వచ్చింది. రాసినాయన రిటైరైన లెక్చరర్. సెలవుల్లో ఊరూరా తిరిగి, రైతులతో కూర్చుని, ప్రతి పనిముట్టునూ కొలిచి బొమ్మ గీసుకుని రాసిన పుస్తకం. నేను కృష్ణా జిల్లా పిల్లను. మా ఊళ్ళో నాగలి అంటారు. ఆయన ఎక్కడ చూసినా మడక అని రాశారు. పాపం యాస పడిపోయింది, సరిచేద్దాం అనుకున్నాను. ఎర్ర సిరాతో మడక కొట్టేసి నాగలి అని రాసుకుంటూ పోయాను. పనిలో వేగం ఉందని మెచ్చుకున్నారు కూడా.

పేజీలు కట్టాక ఆయన ప్రూఫులు చూసుకోవడానికి బస్సెక్కి వచ్చారు. నా ఎదురుగా కూర్చుని రెండో అధ్యాయం తీశారు. అందులో ఒక వాక్యం ఇలా అచ్చయింది: 'కోస్తాలో నాగలి అనే పనిముట్టును ఇక్కడ నాగలి అంటారు.' ఆయన ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. "అమ్మా, మీరు ఎప్పుడన్నా మడక చూసినారా?" అని అడిగారు. "నాగలి చూశానండీ" అన్నాను. "నేను అడిగింది మడక" అన్నారు. తర్వాత ఒక ప్రూఫు కాగితం తిరగేసి, నా పెన్సిలే తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మేడి, నొగ, కర్రు, కాడి. పక్కన గొర్రు. గొర్రు మీద విత్తనాలు పోసే గిన్నె, దాని పేరు జడ్డిగం. అందులోంచి వెదురు గొట్టాల గుండా గింజలు సాళ్ళలోకి ఎలా దిగుతాయో, ఆడవాళ్ళు జడ్డిగంలో గింజలు ఏ లెక్కన వదులుతారో, చెయ్యి ఒక్క క్షణం ఆగితే మొలక ఎక్కడ పలచబడుతుందో చెప్పారు. గంటన్నర పట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అప్పట్లో కంప్యూటర్ లేదు కదా, వెతికి మార్చెయ్యడానికి. సీసపు అక్షరాలు. కంపోజిటర్ పట్టకారుతో 'నాగలి' పీకి 'మడక' పెట్టి, ప్రతి చోటా లైను మళ్ళీ బిగించాలి. రెండు రోజులు ఆయన అదే పని చేశాడు. నా వైపు చూడలేదు, ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఎవరు తిట్టినా తగలనంత గట్టిగా తగిలింది.

నేను ఆ పని చెయ్యడానికి ఇరవై ఏళ్ళ ముందే, 1962లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. అంతా వ్యవసాయ పదాలే. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఏ జిల్లా రైతు ఏ పనిముట్టును ఏమంటాడో ఊళ్ళకు వెళ్ళి విని రాసుకొచ్చిన పుస్తకం. రెండో సంపుటం చేనేత మీద, 1971లో వచ్చింది. మా ఆఫీసు బీరువాలో మొదటి సంపుటం ఉంది. నేను తెరిచి చూడలేదు, అంతే. ఆ మాటలన్నీ తప్పులు కావనీ, అవే తెలుగనీ అది అప్పటికే చెప్పి ఉంది.

కృష్ణమూర్తి గారి సంగతి ఇంకొంచెం చెబుతాను, నీలాంటి తొందర ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తెలుగు క్రియాధాతువుల మీద పరిశోధన చేశారు. 1957లో డాక్టరేట్ వచ్చింది. ఆ పని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రెస్ పుస్తకంగా వేసింది. ద్రావిడ భాషలన్నిటి మీదా ఆయన రాసిన పెద్ద పుస్తకం కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ నుంచి 2003లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. మొదటి పుస్తకంలో వేసిన ప్రశ్నల దగ్గరే నలభై ఏళ్ళకు పైగా కూర్చున్నారు. మధ్యలో వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు, ఇంకా ఎన్నో చేశారు, ఆ ప్రశ్నలను మాత్రం వదల్లేదు. నీ బల్ల మీదికి వచ్చే ప్రతి ఫైలు వెనకా ఇలాంటి మనిషి ఒకరు ఉండొచ్చని అనుకో. అందరూ అంత పెద్దవాళ్ళు కాకపోవచ్చు. జొన్న తెగుళ్ళ మీద రాసినావిడ ఎంతకాలం కంకులు పట్టుకుని పొలాల్లో నిలబడిందో నువ్వు అడిగావా?

జొన్న తెగుళ్ళ పుస్తకం విసుగని రాశావు. ఆ పేర్లను ఒకసారి పైకి చదువు. కాటుక తెగులు: కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లటి పొడి ఉంటుంది, ముట్టుకుంటే వేలికి కాటుకలా అంటుతుంది. తేనెబంక తెగులు: పూత మీదున్న కంకి నుంచి తేనెలాంటి జిగురు కారుతుంది. ఈ పేర్లు ఏ కవీ పెట్టలేదు. చేలో నిలబడి, నష్టాన్ని కళ్ళతో చూసిన రైతులు పెట్టుకున్నవి. నీ కథల్లో పొలం వచ్చినప్పుడల్లా 'పచ్చని పైరు' అని రాస్తావు. నాకు పంపిన నాలుగు కథల్లోనూ ఆ మాట ఉంది. ఏ పైరు, ఏ నెలలో, ఎంత ఎత్తులో ఉందో ఒక్కదాంట్లోనూ లేదు. నీ మీద ప్రేమ ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంగతి. 1879లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ జేమ్స్ మర్రే అనే బడిపంతులుకు ఆ పని అప్పగించింది. పదేళ్ళలో అయిపోతుందనుకున్నారు. అయిదేళ్ళు గడిచాక 1884లో మొదటి భాగం వచ్చింది, అందులో ఇంగ్లీషు 'ఏ' అక్షరం కూడా పూర్తి కాలేదు. ఖర్చు చూసి ప్రెస్ పెద్దలు తొందరపెట్టేవాళ్ళు. మర్రే తోటలో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని, గూళ్ళ నిండా చీటీలు పెట్టుకుని పనిచేశాడు. 1915లో చనిపోయే నాటికి 'టి' అక్షరం దగ్గర ఉన్నాడు. పుస్తకం పూర్తయింది 1928లో.

ఆ చీటీల పద్ధతి చూడు. ఎక్కడెక్కడో ఉన్న మామూలు పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాసి పోస్టులో పంపేవాళ్ళు. చీటీ మీద మాట ఒక్కటే ఉంటే పనికిరాదు. ఆ మాట ఉన్న వాక్యం, ఆ వాక్యం ఏ పుస్తకంలోది, ఏ సంవత్సరానిది, అన్నీ ఉండాలి. వచ్చే ఉత్తరాలు ఎంత ఎక్కువంటే మర్రే ఇంటి ముందు పోస్టల్ శాఖ ఒక తపాలా పెట్టె పెట్టింది. ఇంత జాగ్రత్తలోనూ ఒక మాట జారిపోయింది. కట్టుబానిస ఆడమనిషిని చెప్పే పాత ఇంగ్లీషు మాట 'బాండ్‌మెయిడ్' చీటీలు ఎక్కడో పడిపోయి, ఆ మాట లేకుండానే సంపుటం అచ్చయిపోయింది. 1933 అనుబంధంలో గానీ చేరలేదు. వేల వేల మాటల మధ్య పోయిన మాట ఆ మనిషిదే కావడం నన్ను ఇప్పటికీ కలత పెడుతుంది.

నేనూ చీటీలు రాస్తాను. మడక గొడవ అయిన వారమే మొదలుపెట్టాను. చెప్పుల అట్టపెట్టెలు పదకొండు నిండాయి. ఒక్కో చీటీ మీద విన్న మాట, ఆ మాట ఉన్న పూర్తి వాక్యం, ఎవరి నోట, ఏ ఊళ్ళో, ఏ పని చేస్తుండగా. నా కథల్లో నలుగురు బాగుందన్న సంభాషణ ఏదైనా ఉంటే అది ఆ పెట్టెల్లోంచి వచ్చిందే. నువ్వు ఫోన్‌లో రాసుకున్నా పరవాలేదు. ఎవరన్నారో, ఎక్కడన్నారో మాత్రం వదలకు. ఆ వివరం లేని మాట ఆరు నెలలయ్యాక నీదో వాళ్ళదో నీకే తెలియదు.

మీ దగ్గర పుస్తకం ఎన్ని చేతులు మారుతుందో ఇప్పటికే చూసి ఉంటావు. రాతప్రతి రాగానే ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపుతారు. వాళ్ళ నివేదికలు వస్తాయి. కమిటీ కూర్చుంటుంది. రచయిత మార్చి తెస్తారు. అప్పుడు నీ దగ్గరికి వస్తుంది. ఆ నివేదికలున్న ఫైలు నీ అందుబాటులో ఉంటే, పెద్దవాళ్ళ అనుమతి తీసుకుని చదువు. కథలు రాసేవాళ్ళకు అంతకంటే మంచి బడి నాకు తెలియదు. మంచి నివేదికలో పొగడ్త రెండు లైన్లుంటుంది, మిగతా నాలుగు పేజీలూ ఒకటే ప్రశ్న: 'ఇది మీకెలా తెలుసు?' 47వ పేజీలో ఈ చెరువు గణపతిదేవుడి కాలంలో తవ్వారన్నారు, ఏ శాసనం? ఈ లెక్క ఎవరు కట్టారు? ఊరివాళ్ళు ఇలా అంటారన్నారు, ఎంతమందిని అడిగారు? మొదట్లో ఆ ప్రశ్నలు చదువుతుంటే రచయితల తరఫున నాకు కోపం వచ్చేది. తర్వాత రాత్రి ఇంటికెళ్ళి నా కథ తీసి, అదే పెన్సిలుతో పక్కన అదే ప్రశ్న రాయడం అలవాటైంది. ఈమె ఈ వంట ఇలాగే చేస్తుందని నాకెలా తెలుసు? ఈ కోర్టు గుమాస్తా ఈ మాట అంటాడని ఎలా తెలుసు? తెలియదని తేలిన చోటల్లా వెళ్ళి తెలుసుకోవాల్సి వచ్చింది. కథలు ఆలస్యమయ్యాయి. అచ్చయినవాటిలో సిగ్గుపడేవి తక్కువ.

నీ కథలకు ఈ పనికీ సంబంధమేమిటని అడిగావు కాబట్టి నార్మన్ మెక్లీన్ గురించి చెప్పాలి. ఆయన చికాగో విశ్వవిద్యాలయంలో జీవితమంతా ఇంగ్లీషు సాహిత్యం చెప్పాడు. కుర్రతనంలో మోంటానా కొండల్లో చెట్లు కొట్టే క్యాంపుల్లో, అటవీ శాఖలో పనిచేశాడు, నదుల్లో గాలం వేశాడు. రిటైరయ్యాక వాటి మీద కథలు రాశాడు. న్యూయార్క్ ప్రచురణకర్తలు వద్దన్నారు. ఒకరైతే ఈ కథల్లో చెట్లున్నాయని అభ్యంతరం చెప్పారట. చివరికి ఆయన విశ్వవిద్యాలయ ప్రెస్సే, అంతకుముందు కొత్త కల్పనా రచన వెయ్యని ప్రెస్, 1976లో 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' అచ్చేసింది. అప్పుడాయనకు డెబ్బై మూడేళ్ళు. ఆ పుస్తకంలో గాలం విసిరే చెయ్యి ఎక్కడ ఆగాలో, దారం గాలిలో ఎలా లేస్తుందో పేజీల కొద్దీ ఉంటుంది. చేపలు పట్టడం నాకు అస్సలు తెలియదు. ఆ పేజీలు చదువుతూ ఏడ్చాను. తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయిన అన్న దుఃఖం ఆ చెయ్యి కదలికలో ఉంది. పని తెలిసిన మనిషి రాశాడు కాబట్టి ఉంది.

మన సంగతులూ ఇలాంటి ప్రెస్‌ల చేతుల్లో ఎంత దూరం వెళ్ళాయో చూడు. పల్నాడులో వీరవిద్యావంతులనే గాయకులు పాడే పల్నాటి వీరుల కథను జీన్ రోఘేర్ అనే అమెరికన్ విని, రికార్డు చేసి, అనువదిస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. పాల్కురికి సోమన బసవపురాణం 1990లో ప్రిన్స్‌టన్ నుంచి, క్షేత్రయ్య పదాలు 1994లో కాలిఫోర్నియా నుంచి, కళాపూర్ణోదయం 2002లో కొలంబియా నుంచి, కన్యాశుల్కం 2007లో ఇండియానా నుంచి ఇంగ్లీషులో వచ్చాయి. ఈ నాలుగింటిలోనూ వెల్చేరు నారాయణరావు గారి చెయ్యి ఉంది. 2015లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదలుపెట్టినప్పుడు, మొదటి అయిదు పుస్తకాల్లో ఒకటి మన పెద్దన మనుచరిత్ర. అనువాదం నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లది. ఎడమ పేజీలో తెలుగు లిపిలో పద్యం, కుడి పేజీలో ఇంగ్లీషు. ఆ పుస్తకం చేతికొచ్చిన రోజు నేను అనువాదం చదవలేదు. ఎడమ పేజీల్లో ఒత్తులు చూసుకుంటూ కూర్చున్నాను. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఒకరు పెద్దన వాడిన ప్రతి ఒత్తునూ ప్రూఫులో సరిచూసి ఉంటారు. వాళ్ళ పేరు అట్ట మీద లేదు. నువ్వు చేస్తున్నదీ అదే పని.

ఈ పుస్తకాలు ఎన్ని అమ్ముడవుతాయని నీ ప్రశ్న. చాలావాటికి కొన్ని వందలు. ఆ లెక్కతో చూస్తే ఏ ప్రెస్సూ నిలవదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం మొదటి అధ్యక్షుడు గిల్మన్ 1878లో ప్రెస్ పెట్టినప్పుడు, జ్ఞానం క్లాసులో కూర్చోగలిగినవాళ్ళకే కాక దూరదూరాలకు చేరడం విశ్వవిద్యాలయం బాధ్యత అన్నాడు. ఆ బాధ్యతకు డబ్బు పెట్టాలి. 2012లో అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం డబ్బు దండగని తన ప్రెస్‌ను మూసేస్తామంది. రచయితలు ఊరుకోలేదు. అలాగైతే మా పుస్తకాల హక్కులు మాకిచ్చెయ్యండని వరసగా ఉత్తరాలు రాశారు. కొన్ని నెలల్లోనే విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గింది. ఆ రచయితల్లో చాలామందికి రాయల్టీగా వచ్చేది ఏమంత కాదు. అయినా నిలబడ్డారు.

మన దగ్గర అంత పట్టింపు లేదు, నీకు అబద్ధం చెప్పను. నేను పనిచేసిన చోట, ఆరేళ్ళు కష్టపడి తెచ్చిన పుస్తకం కట్టలు విప్పకుండానే గోడౌన్‌లో చెద పట్టడం చూశాను. అమ్మకాల కౌంటర్ మూడింటికే మూసేవాళ్ళు. ఊరి నుంచి పుస్తకం కోసం వచ్చిన టీచర్‌ను రేపు రమ్మని పంపేవాళ్ళు. నేను మౌనంగా ఉండిపోయాను, నా పని ప్రూఫుల వరకే అనుకుని. అది తప్పు. నువ్వు అలా ఉండకు. పుస్తకం అచ్చయ్యాక ఏ జిల్లా లైబ్రరీకి వెళ్ళిందో అడుగు. చెరువుల పుస్తకం ఆ చెరువుల ఊళ్ళ బళ్ళకు వెళ్ళిందా అని అడుగు. విసుక్కుంటారు. అడుగుతూనే ఉండు.

చిన్న చిన్న పనుల సంగతి కూడా చెప్పాలి, అవే నీకు చాలా ఇస్తాయి. మా రోజుల్లో కాపీ హోల్డర్ అని ఒక ఉద్యోగం ఉండేది. నేను అచ్చు కాగితం చూస్తుంటే పక్కన ఒక పెద్దాయన చేతిరాత ప్రతిని పైకి చదివేవారు. కామా, ఫుల్‌స్టాప్, కోట్ మొదలు, కోట్ ముగింపు, అన్నీ పైకే. పొడుగు వాక్యం వస్తే ఆయనకు ఆయాసం వచ్చేది, మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగేవారు. ఏ వాక్యం మనిషి ఊపిరికి సరిపోతుందో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడా ఉద్యోగం లేదు. నీ కథ నువ్వే పైకి చదువుకో.

పాత అను ఫాంట్లలోంచి యూనికోడ్‌కు మార్చిన ఫైళ్ళు మీకూ వస్తుంటాయి. వాటిని నమ్మకు. వట్రసుడి ఎగిరిపోయి కృష్ణ కాస్తా కష్ణ అవుతాడు, కృషి కషి అవుతుంది. స్పెల్‌చెక్ వదిలేసినవన్నీ కంటితోనే పట్టాలి. మీ సెక్షన్‌కు ఒక నియమాల కాగితం లేకపోతే నువ్వే మొదలుపెట్టు: వెళ్ళు అని రాస్తామా వెళ్లు అనా, చేశాడా చేసాడా, విశ్వవిద్యాలయమా యూనివర్సిటీనా. చికాగో ప్రెస్ వాళ్ళ ప్రసిద్ధమైన నియమావళి 1906లో పుస్తకమయ్యే ముందు కంపోజింగ్ గదిలో రాసుకున్న ఇలాంటి కాగితమే. ఇక పదసూచి, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో పుస్తకం చివర చెప్పే పట్టిక. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి అది ఉండదు, నాకు అది పెద్ద బాధ. చెరువుల పుస్తకానికి నువ్వు చెయ్యి. 'క్ష' ఎక్కడ పెట్టాలి, ప్రతి అక్షరంలో సున్నా ఉన్న మాటలు ముందా వెనకా, ఇవన్నీ తేల్చుకోవాల్సి వస్తుంది. ఒక పుస్తకానికి పదసూచి చేస్తే, దాన్ని రాసిన మనిషి దేని గురించి మళ్ళీ మళ్ళీ ఆలోచించాడో పూర్తిగా తెలుస్తుంది. నవలను కూడా ఒకసారి అలా చదివి చూడు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అచ్చుకాని రాతప్రతిలో చూసిన సంగతి నీ కథలో పెట్టుకోవద్దు. ఎంత ఊరించినా సరే. ఆ మనిషి ఏళ్ళ తరబడి తిరిగి కనుక్కున్నది ఆయన పుస్తకంలోనే ముందు లోకానికి తెలియాలి. పుస్తకం వచ్చాక ఆయన్నే అడిగి వాడుకో, సంతోషిస్తారు.

రాయడానికి టైమ్ గురించి. సాయంత్రం రాయాలని చూడకు, నీ బుర్ర అప్పటికి ఇంకొకరి వాక్యాలతో నిండిపోయి ఉంటుంది. నేను పొద్దున అయిదింటికి లేచి ఆరున్నర దాకా రాసేదాన్ని. పిల్లలు పుట్టాక అదీ కుదరక ఆదివారాలు మాత్రమే. ఏడాదికి మూడు కథలు. తక్కువే. ఆఫీసు ఫైలు ఇంటికి తెచ్చుకోకు, అది ఒక్కటి పాటించినా సగం టెన్షన్ పోతుంది.

రాజీనామా చెయ్యొద్దనే నా మాట. కనీసం ఈ చెరువుల పుస్తకం అచ్చయి చేతికొచ్చేదాకా ఉండు. ఆ పుస్తకంలో పోరుమామిళ్ళ శాసనం ప్రస్తావన ఉండే ఉంటుంది, ఇది కొత్త రహస్యమేమీ కాదు కాబట్టి నిశ్చింతగా వాడుకోవచ్చు. కడప జిల్లాలో 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన సంస్కృత శాసనం. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పని జరిగిందని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండకూడదని చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం దోషం, చవుడు నేల దోషం, చెరువు మధ్యలో మెట్ట ఉండటం దోషం. నీళ్ళు తక్కువై పొలం ఎక్కువైనా, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువైనా దోషమే. ఇంకోటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఆరున్నర శతాబ్దాల కిందట చెరువు తవ్వించినవాళ్ళు ఆ చివరి దోషాన్ని రాతి మీద చెక్కించారంటే, ఎన్ని తగాదాలు, ఎన్ని తలలు పగలడాలు చూసి ఉంటారో ఆలోచించు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. కథ దొరకడం లేదన్న పిల్ల బల్ల మీద ఇది ఉంది తల్లీ.

ఇప్పుడు మత్తడి. రేపు ఆఫీసుకు వెళ్ళగానే మూడు అధ్యాయాల్లో మార్చిందంతా వెనక్కి మార్చు. పై ఆఫీసర్‌తో వాదన పెట్టుకోకు, మర్యాదగా ఒక కాగితం రాసివ్వు. మత్తడి అనే మాట మొదటిసారి వచ్చిన చోట అడుగున పాదసూచిక పెడదామని చెప్పు: 'చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే కట్టడం; కోస్తాలో అలుగు, అనంతపురం వైపు మరువ, నెల్లూరు వైపు కలుజు.' అప్పుడు తెలియనివాళ్ళకు తెలుస్తుంది, రచయిత మాటా నిలుస్తుంది. అలాగే ఆయన నీళ్ళు వదిలే మనిషిని నీరటి అని రాసి ఉంటే, సీమలో నీరుగంటి అంటారని చేర్చు. ఆ తర్వాత రచయితకు నువ్వే ఫోన్ చేసి, పొరపాటున మార్చాను, సరిచేశాను అని చెప్పు. ఎవరో చెబితే తెలియడం కంటే నీ నోట వినడం ఆయనకు బాగుంటుంది. మత్తడి ఎన్ని రకాలో, ఆయన చిన్నప్పుడు ఏ చెరువు మత్తడి దగ్గర ఆడుకున్నారో అడుగు. పెన్సిలు పక్కన పెట్టుకో.

ఈసారి వానలు బాగా పడతాయంటున్నారు. ఆదివారం చూసుకుని నర్సంపేట బస్సెక్కి పాకాల చెరువుకు వెళ్ళు. మీ వైపు చెరువు మత్తడి దుంకుతోంది అంటారు కదా, మా కృష్ణా జిల్లాలో ఆ 'దుంకడం' లేదు, అలుగు పారుతుంది అంటాం. ఆ మాట నేను చీటీ మీద రాసుకున్నానే గానీ ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. నీళ్ళు దుంకుతుంటే ఫోన్ చేసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆ చప్పుడు వినిపించు.

అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పిన్ని